రెండు వేలలోపు లావుపాటి ఇంకు పెన్ను: కానుకగా ఇచ్చేముందు

కానుకగా వచ్చిన ఇంకు పెన్నుల్లో సగం బీరువా సొరుగులోనే ముసలివైపోతాయి. చేతికి నప్పకో, నింపుకోవడం తలనొప్పయ్యో, మూడు రోజులు పక్కన పెడితే మొరాయించో వాటిని మళ్లీ ఎవరూ బయటికి తీయరు. ఈ మూడింటినీ ఇచ్చేముందే తేల్చుకోవచ్చు. రెండు వేలు దాటి ఖర్చు పెట్టక్కర్లేదు కూడా.

పెద్ద పెన్ను అనగానే అందరూ పొడవు చూస్తారు. చేతికి తెలిసేది లావు, అదీ వేళ్లు పట్టే చోటి లావు. పుచ్చుకునేవారు రోజూ వాడే పెన్ను మీకు ఒక్క నిమిషం దొరికితే చాలు. వేళ్లు ఆనేచోట దారం ఒక చుట్టు చుట్టి, కొస కలిసినచోట గోటితో నొక్కిపట్టి, స్కేలు మీద పెట్టండి. వచ్చిన కొలతను 3.14తో భాగిస్తే లావు తెలుస్తుంది. దారం 28 మి.మీ. వస్తే పెన్ను 9 మి.మీ., 38 వస్తే 12. తొమ్మిదికి అలవాటుపడ్డ చేతికి 11 లేదా 12 మి.మీ. హాయిగా ఉంటుంది. ఒకేసారి 13 దాటితే అక్షరం అదుపు తప్పి పెద్దదవుతుంది. కీళ్లనొప్పులున్న పెద్దవాళ్లకు లావు పెన్ను నిజంగానే మేలు, బిగించి పట్టాల్సిన పని ఉండదు.

బరువు సంగతి వేరే. జిన్హావో అనే చైనా కంపెనీ 159 పెన్ను ఇత్తడి ఒళ్లుతో దాదాపు 50 గ్రాములు తూగుతుంది. అదే ఆకారంలో వచ్చే ఎక్స్159 అక్రిలిక్‌ది, సుమారు 30 గ్రాములే. రెండు సంతకాలకు బరువు దర్జాగానే ఉంటుంది, రెండు పేజీలకు మణికట్టు లాగుతుంది. పైగా 50 గ్రాముల పెన్ను పల్చటి కాటన్ చొక్కా జేబును కిందికి జార్చేస్తుంది. మూత వెనక తగిలించి రాసే అలవాటున్నవారైతే ఎక్స్159 కూడా వెనక్కి తూలుతుంది. అలాంటివారికి మూత తీసినా చేతికి చాలినంత పొడవుండే పెన్ను చూసి, మూత బల్ల మీదే పెట్టి రాయమని చెప్పాలి.

మూత ఎన్ని చుట్లకు ఊడుతుందో కూడా లెక్కపెట్టండి. రోజుకు నలభై కాగితాల మీద సంతకం పెట్టే హెడ్‌మాస్టరుగారికి మూడు చుట్ల మూత శిక్షే. ఒకటిన్నర చుట్టు దాటకూడదు, లేదా లాగితే వచ్చే మూత కావాలి.

ఇక ఏవి కొనాలి. ఈ ధరలో మొదటి చూపు రాజమండ్రి వైపు వేయాలి. ఆ ఊరి కె.వి. రత్నం గారి స్వదేశీ పెన్నుకే 1935లో గాంధీజీ వార్ధా నుంచి మెచ్చుకోలు జాబు రాశారు. రత్నం, గైడర్ పేర్లతో ఎబొనైట్ కడ్డీని లేతు మీద తిప్పి చేసే పెన్నులు ఇప్పటికీ అక్కడినుంచి వస్తాయి. చేత్తో చేసేవి కాబట్టి ఫోనులో మోడల్ పేరు చెప్పి ఊరుకోకుండా నాలుగు సంగతులు అడగండి: పట్టు దగ్గర లావు ఎంత, పాళీ (నిబ్బు) ఏ నంబరు, ఇంకు ఎలా నింపాలి, క్లిప్పు ఉందా. ఎబొనైట్ అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు. చేతికి చల్లగా తగలదు, చెమటకు జారదు. కొత్తలో కాస్త రబ్బరు వాసన వస్తుంది, అది లోపం కాదు. ఎండలో కిటికీ పక్కన పడేస్తే నల్లటిది గోధుమరంగులోకి తిరుగుతుంది, వేడినీళ్లలో నానబెడితే మెరుపు పోతుంది.

ఎక్స్159 ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, చూపుకు మాంట్ బ్లాంక్ 149 అనే ఖరీదైన పెన్ను వరసలోది. దాని పాళీ మీద 18కేజీపీ అని ఉంటే బంగారు పాళీ అనుకోవద్దు, పైన బంగారు పూత ఉందని మాత్రమే అర్థం. ఈ ధరలో ఏ పెన్నుకైనా పాళీ ఉక్కుదే, దానికి చిన్నబోనక్కర్లేదు. మాంట్ బ్లాంక్ లాంటి ఖరీదైన పెన్ను అయిదారు వందలకు కనిపిస్తే మాత్రం అది నకిలీయే.

లావుపాటి ఒంటికి చిన్న 5 నంబరు పాళీ పెడితే ఏనుగుకు ఎలుక తోక తగిలించినట్టుంటుంది. 6 నంబరు పాళీ అన్నివిధాలా నయం. చాలామంది తయారుచేస్తారు, పాడైతే లాగి ఇంకోటి పెట్టుకోవచ్చు. ఎక్స్159కి ఉండే 8 నంబరు ఇంకా పెద్దది. అయితే 8 అని పేరున్నా ఒక కంపెనీ కొలత ఇంకో కంపెనీకి సరిపోదు, బదులు పాళీ అదే కంపెనీది కొనాలి.

ముక్కు ఎంత సన్నగా ఉండాలన్నది తెలుగు రాసేవారికి ముఖ్యం. మన లిపిలో తలకట్టు, సున్న, కింద వత్తు, పక్కన ఇంకో వత్తు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. మీడియం పాళీతో చిన్న దస్తూరీ రాస్తే ‘క్ష్మి’లో ఖాళీలన్నీ ఇంకుతో పూడిపోతాయి. గీతల నోటుబుక్కులో రాసేవారికి ఫైన్, సంతకాలకూ గ్రీటింగులకూ మాత్రమే వాడేవారికి మీడియం. బాల్ పెన్ను అలవాటుతో నొక్కి రాసేవారికి మెత్తగా విచ్చుకునే పాళీ అసలు వద్దు, రెండో వారానికే చీలికకు అటూ ఇటూ ఉన్న రెండు కాళ్లూ విడిపోతాయి.

దుకాణంలో పరీక్షించేటప్పుడు అందరిలా అడ్డగీతలు గీస్తే ఏమీ తెలియదు. ‘జ్ఞ’, ‘ణ’, ‘ఱ’ రాయండి. గుండ్రటి అక్షరాల్లో పాళీని కిందికి లాగడమే కాదు, ఎడమకీ పైకీ నెట్టాలి కూడా. నెట్టేటప్పుడు మాత్రమే కాగితం గీరుకుంటే పాళీ కాళ్లలో ఒకటి ఎత్తులో ఉన్నట్టు. భూతద్దంలో ఎదురుగా చూస్తే అది కనిపిస్తుంది. పాళీని వెలుతురుకు ఎదురు పట్టి చీలిక కూడా చూడండి. చీలిక ముక్కు వైపు సన్నబడుతూ రావాలి. ముక్కు దగ్గర కూడా వెడల్పుగా వెలుతురు దూసుకొస్తుంటే ఇంకు ఆగి ఆగి వస్తుంది. ఇలాంటి పాళీని గరుకు కాగితం మీద అరగదీసి బాగుచేయాలని చూడకండి, మార్పించుకోండి. పేరు చెక్కించడం పాళీ నచ్చాకే. చెక్కిన పెన్ను ఎవరూ వెనక్కి తీసుకోరు. తెలుగులో చెక్కిస్తే వత్తులు ఎలా వస్తాయో ముందు కాగితం మీద చూపించమనండి.

నింపే పద్ధతి పుచ్చుకునేవారి ఓపికను బట్టి ఎంచాలి. కన్వర్టర్ (ఇంకును పీల్చుకునే చిన్న గొట్టం) ఉన్నదైతే పాళీని సీసాలో ముంచి దాని వెనక మర తిప్పితే చాలు. సాధారణంగా ముప్పావు మి.లీ. దాకా పడుతుంది, చెయ్యి కూడా మురికి కాదు. డ్రాపర్‌తో నేరుగా ఒళ్లంతా నింపేవాటిలో రెండు మూడు మి.లీ. పడుతుంది, వారాల తరబడి రాయొచ్చు. కానీ అవి కక్కుతాయి. ఇంకు పావు వంతుకు దిగాక లోపల గాలి ఎక్కువవుతుంది, చేతి వేడికి అది వ్యాకోచించి ఇంకును పాళీలోంచి బయటికి తోస్తుంది, రాస్తుండగా కాగితం మీద బొట్టు రాలుతుంది. మే నెలలో జేబులో ఉంటే ఇంకా త్వరగా. మూడో వంతు మిగలగానే నింపేసుకుంటే ఈ బాధ ఉండదు.  ఇంకు పెన్ను కొత్తగా పట్టేవారికి కన్వర్టరే ఇవ్వండి.

పెన్ను చేతికొచ్చాక కనీసం వారం గడువు ఉంచుకోండి. కొత్త పాళీకీ, దానికి కిందినుంచి ఇంకు అందించే ఫీడ్‌కూ తయారీలో అంటిన నూనె ఉంటుంది. చాలాసార్లు ‘పెన్ను రాయట్లేదు’ అన్న ఫిర్యాదుకు అదే కారణం. గ్లాసుడు మామూలు నీళ్లలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు కలిపి, కన్వర్టర్‌తో అయిదారుసార్లు పీల్చి వదలండి. తర్వాత ఉత్త నీళ్లతో అంతే. స్పిరిటు తగలనివ్వకండి, అక్రిలిక్ బీటలు వారుతుంది. పాళీ కిందికి ఉండేలా టిష్యూ చుట్టి గ్లాసులో నిలబెడితే తెల్లారేసరికి ఆరుతుంది. డ్రాపర్ పెన్నైతే ఒళ్లు బిగించే మరచుట్ల మీద ఆవగింజంత సిలికాన్ గ్రీజు పల్చగా పూయండి. వాజలీన్ వద్దు, రబ్బరు రింగును ఉబ్బిస్తుంది.

అప్పుడు ఇంకు నింపి, ఒక పేజీ రాసి, మూత పెట్టి, పాళీ పైకి ఉండేలా మూడు రోజులు వదిలేయండి. నాలుగోరోజు విదిలించకుండా, నాకకుండా కాగితం మీద పెడితే మొదటి అక్షరం పడాలి. పడకపోతే చాలాసార్లు మూత గాలి బిగువుగా లేదన్నమాట. ఎంత అందంగా ఉన్నా వాపసు చేయండి, ఎందుకంటే మూతను ఇంట్లో బాగుచేయలేం.

ఇంకు సీసా కూడా కలిపి ఇవ్వండి. బ్రిల్ లేదా క్యామెల్ రాయల్ బ్లూ చాలు. గుడ్డకు అంటినా చాలావరకు పోతుంది, పాళీలో గడ్డకట్టదు. డ్రాయింగ్ ఇంకు అని రాసున్నది పొరపాటున కూడా కొనకండి. అందులో లక్క ఉంటుంది, ఫీడ్‌లో ఆరిందంటే పెన్ను పని అయిపోయినట్టే.

ఇచ్చే రోజుకు పెన్ను కడిగి, ఆరబెట్టి, ఖాళీగా పెట్టెలో పెట్టండి. కొరియర్‌లో పంపితే సీసా మూత చుట్టూ టేపు తిప్పి, జిప్ కవరులో వేసి, పెన్ను పెట్టెకు దూరంగా సర్దాలి. ఎలా నింపాలో నాలుగు వాక్యాలు, కడిగేముందే ఆ పెన్నుతోనే రాసిన చీటీ ఒకటి పెట్టెలో ఉంచండి. గీత ఎంత సన్నమో కూడా దాన్ని చూస్తేనే తెలిసిపోతుంది.