నడక లెక్కలు – 4వ పాఠం: నిమిషానికి ఎంత, మీటరుకి ఎంత?

పోయిన పాఠం అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చూశాక, ఈసారి నేరుగా కొత్త విషయంలోకి దిగడం కుదరదని తేలిపోయింది. చాలామందికి ఫ్రౌడ్ సంఖ్య, అంటే కాలి పొడవుకు తగ్గట్టు నడక వేగాన్ని కొలిచే సంఖ్య, 3 వచ్చింది. కొందరికి 4 కూడా దాటింది. రోడ్డు మీద మామూలుగా నడిచే మనిషికి 0.2, 0.25 దగ్గర రావలసిన సంఖ్య అది. 3 వచ్చినప్పుడే అనుమానం రావాలి కదా!

తప్పు ఎక్కడంటే, వేగాన్ని గంటకు కిలోమీటర్లలోనే ఉంచి వర్గం చేసేశారు. సూత్రం ఇంకోసారి రాస్తున్నాను: వేగం × వేగం ÷ (9.8 × కాలి పొడవు). ఆ 9.8 మీటర్లు, సెకన్లలో ఉన్న అంకె. మిగతావి కూడా అలాగే ఉండాలి. గంటకు 5 కి.మీ. అంటే సెకనుకు 1.39 మీటర్లు. దాని వర్గం 1.93. కాలు 85 సెంటీమీటర్లయితే కింద 8.33 వస్తుంది. భాగిస్తే 0.23. నేనైతే మనసులో చేసేటప్పుడు 9.8 బదులు 10 వేసుకుంటాను, పెద్ద తేడా రాదు.

రెండోది కాలి కొలత. టైలర్ ప్యాంటుకు కొలిచినట్టు నడుము దగ్గర టేపు పెట్టారు. అక్కడ కాదు. తుంటి పక్కన చెయ్యి పెట్టి కాలు ముందుకూ వెనక్కీ ఊపితే లోపల ఒక ఎముక బొడిపె కదులుతూ తగులుతుంది. కొలత అక్కడి నుంచి నేల దాకా, చెప్పులు లేకుండా. పెద్దవాళ్ల లెక్కలో ఆ పది పదిహేను సెంటీమీటర్లతో కొంప మునగదు. చిన్నపిల్లల దగ్గర మాత్రం జవాబే మారిపోతుంది. అర మీటరు కాలున్న పిల్లాడికి ఫ్రౌడ్ సంఖ్య 0.5 అయ్యే వేగం, అంటే నడక నుంచి పరుగుకు మారే వేగం, గంటకు 5.6 కి.మీ. నాన్న చెయ్యి పట్టుకుని బడికి వెళ్లే పిల్లాణ్ణి గమనించండి. నాన్నది మామూలు హుషారు నడకే. పిల్లాడు నాలుగడుగులు నడుస్తాడు, రెండడుగులు పరిగెడతాడు, మళ్లీ నడుస్తాడు. ఆటకోసం చేస్తున్నాడనుకుంటాం, కానీ వాడు సరిగ్గా ఆ హద్దు మీద ఉన్నాడు.

ఒక మంచి ప్రశ్న కూడా వచ్చింది. ఫ్రౌడ్ సంఖ్య 1 దాటితే నడవడమే సాధ్యం కాదన్నారు కదా, మరి రేస్ వాకర్లు? 2015లో జపాన్ క్రీడాకారుడు యూసుకే సుజుకి 20 కి.మీ. నడకను 1 గంట 16 నిమిషాల 36 సెకన్లలో పూర్తి చేశాడు. సెకనుకు 4.35 మీటర్లు. కాలు 90 సెం.మీ. అనుకున్నా ఫ్రౌడ్ సంఖ్య 2 దాటుతుంది. ఇందులో రెండు సంగతులున్నాయి. మన సూత్రం కాలిని బిగుసుకుపోయిన కర్రలా, శరీరాన్ని దాని కొసన తిరిగే బరువులా చూస్తుంది. రేస్ వాకర్ నడుమును కిందకూ పక్కకూ తిప్పి, శరీరం పైకి లేవకుండా ఆ వంపును చదును చేసేస్తాడు. ఇక రెండోది: పాదాలు రెండూ ఒకేసారి నేల విడిచినట్టు కంటికి కనిపించకూడదన్నదే అక్కడి నియమం. కెమెరాకు కనిపిస్తే తప్పు కాదు. నిజానికి వాళ్లు ప్రతి అడుగులో కాసేపు గాల్లోనే ఉంటారు.

ఎక్కువమందిని తికమక పెట్టింది ఇంకోటి. నడక తిరగేసిన లోలకమైతే, అంటే నేలకు ఆనిన కాలి మీద శరీరం వంపుగా లేచి దిగుతూ, స్థితిజ శక్తి గతిజ శక్తిగా, అది మళ్లీ స్థితిజ శక్తిగా మారుతూ పోతే ఇక ఖర్చెక్కడిది, అలసట ఎందుకు? ఆ మార్పిడి పూర్తిగా జరగదు. మనిషిలో, బాగా కుదిరిన వేగంలో కూడా, మూడింట రెండొంతుల దాకానే తిరిగి దక్కుతుంది. మిగిలిన వంతు ఎక్కడ పోతుందో చూడాలంటే ఎవరైనా నడుస్తుంటే పక్కనుంచి మడమల వైపు చూడండి. ఒక కాలి మీద వంపు దిగుతున్నప్పుడు శరీరం ముందుకూ కిందకూ వెళుతుంటుంది. ముందుకాలి మడమ నేలను తాకగానే ఆ దిశ ముందుకూ పైకీ మారాలి. మార్చేది ఆ ముందుకాలే, అదీ బ్రేకులా అడ్డుపడి. ప్రతి అడుగులోనూ అక్కడ కొంత శక్తి పోతుంది, దాన్ని కండరాలు మళ్లీ పూడ్చాలి. పైగా కండరానికి బ్రేకు వేయడం కూడా ఉచితం కాదు.

ఆ లోటు పూడ్చే పని వెనక కాలి పిక్కది. ముందు మడమ తగలడానికి కాస్త ముందే చీలమండ నేలను వెనక్కి నెడుతుంది. సరిగ్గా ఆ క్షణంలో నెడితే, అదే లోటును తర్వాత తుంటి కండరాలతో పూడ్చడానికయ్యే పనిలో నాలుగోవంతుతో సరిపోతుందని ఆర్థర్ కువో సరళమైన నమూనా మీద 2002లో లెక్కగట్టి చూపించాడు. చీలమండ పట్టేసిన రోజున కాస్త దూరానికే తొడలూ నడుమూ లాగెయ్యడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇప్పుడు ఇవాళ్టి పాఠం.

నడకకయ్యే ఖర్చును ఆక్సిజన్ వాడకంతో కొలుస్తారని, ఎలా కొలుస్తారని రెండో పాఠంలో చూశాం. ఆ కొలతల్ని ఒక్క లైనులో పెట్టినవాడు హెచ్. జె. రాల్‌స్టన్, 1958లో. చదునైన నేల మీద నడిచే పెద్దవాళ్లకు, ఒక్కో కిలో శరీర బరువుకు:

నిమిషానికి ఖర్చు (కేలరీలు) = 29 + 0.0053 × వేగం × వేగం

ఇక్కడ వేగం నిమిషానికి మీటర్లలో. నాకు అన్నిటికన్నా ఇష్టమైన కొలమానం ఇదే. వంద మీటర్లు నడిచి, 6000ను పట్టిన సెకన్లతో భాగిస్తే వేగం వచ్చేస్తుంది. ఇవి చిన్న కేలరీలు. బిస్కట్ ప్యాకెట్ మీద ఉండేవి కిలోకేలరీలు, వెయ్యి రెట్లు పెద్దవి.

ఇదే ఖర్చును వేగంతో భాగిస్తే మీటరుకి ఖర్చు వస్తుంది. మొదటిది నిమిషానికి, రెండోది మీటరుకి. ఈ రెండింటినీ కలిపేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగుతాను.

60 కిలోల మనిషిని తీసుకోండి. నిమిషానికి 40 మీటర్ల చొప్పున, అంటే గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినంత నెమ్మదిగా నడిస్తే కిలోకి నిమిషానికి 37.5 కేలరీలు. 74 మీటర్ల వేగంలో 58. 100 మీటర్ల వేగంలో 82. వేగం పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతూనే ఉంది. ఇది చూసి, "చాలా దూరం వెళ్లాలి, ఓపిక మిగుల్చుకోవాలి, కాబట్టి మెల్లగా నడుద్దాం" అనుకుంటారు.

ఇప్పుడు అదే మనిషిని ఒక కిలోమీటరు నడిపించండి. 40 మీటర్ల వేగంలో 25 నిమిషాలు పట్టింది, మొత్తం ఖర్చు 56 కిలోకేలరీలు. 74లో పదమూడున్నర నిమిషాలు, 47. 100లో పది నిమిషాలు, 49. మెల్లగా నడిచినవాడికే ఎక్కువైంది! ఇంకా మెల్లగా, నిమిషానికి 20 మీటర్లకు దిగితే కిలోమీటరుకు 93. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపకుండా నిలబడ్డ ఆటోకు గంటకయ్యే పెట్రోలు తక్కువే, కానీ దాని మైలేజీ సున్నా. నడకలోనూ అంతే. ఆ 29 వేగంతో సంబంధం లేకుండా ప్రతి నిమిషం పడే ఖర్చు. దారిలో ఎంత ఎక్కువసేపు ఉంటే అన్ని సార్లు అది కట్టాలి.

ఇది అర్థమైనవాళ్లు వెంటనే రెండో వైపు పడతారు. "అయితే బరువు తగ్గాలంటే నిమిషానికి 20 మీటర్లే నడవాలన్నమాట, కిలోమీటరుకు 93 కదా!" కాదు. ఆ కిలోమీటరుకు 50 నిమిషాలు పట్టింది. అదే 50 నిమిషాలు 74 వేగంతో నడిచి ఉంటే 3.7 కిలోమీటర్లు వెళ్లేవారు, 174 కిలోకేలరీలు ఖర్చయ్యేవి. పైగా ఆ 93లో సగానికి పైగా, దాదాపు 50, మీరు కుర్చీలో కూర్చున్నా ఖర్చయ్యేవే. విశ్రాంతిలో శరీరం కిలోకి నిమిషానికి సుమారు 17 కేలరీలు ఎలాగూ వాడుకుంటుంది. దూరం ఖాయమైనప్పుడు మీటరు లెక్క, సమయం ఖాయమైనప్పుడు నిమిషం లెక్క. మార్నింగ్ వాక్‌కు రోజూ అరగంట అని పెట్టుకున్నవాళ్లది నిమిషం లెక్క. బస్సు దొరక్క ఊరికి నడిచి వెళ్లేవాడిది మీటరు లెక్క. ట్రెడ్‌మిల్ బోర్డు మీద అంకె కనిపిస్తే అది దేనికి లెక్కో ముందు చూడండి. చూడకుండా నాకు పంపొద్దు.

ఇంకొక్క ముక్క. సూత్రంలో వేగం సున్నా పెడితే 29 వస్తుంది, విశ్రాంతి ఖర్చు 17 రాదు. నిలబడ్డ మనిషికి ఈ సూత్రం వర్తించదు. నడుస్తున్నవాళ్ల కొలతల మీద గీసిన గీత అది, నడకకే వాడాలి.

మీటరు ఖర్చు అన్నిటికన్నా తగ్గేది 29ని 0.0053తో భాగించి వర్గమూలం తీస్తే వచ్చే వేగం దగ్గర: నిమిషానికి 74 మీటర్లు, గంటకు దాదాపు నాలుగున్నర కి.మీ. ఎలా వచ్చిందో కలన గణితం తెలిసినవాళ్లు అవకలనం చేసి చూసుకోండి. తెలియనివాళ్లు గ్రాఫు గీస్తే సరి. ఎవరూ చెప్పకుండానే జనం ఎంచుకునే వేగం ఆ చుట్టుపక్కలే ఉంటుంది. గ్రాఫు గీశాక దాని అడుగు భాగం చూడండి. U ఆకారమే కానీ అడుగు బాగా చదును. 74 కాక 85లో నడిచారని దిగులు పడక్కర్లేదు.

పరుగు ఇలా ఉండదు. మనిషి పరుగులో కిలోమీటరుకయ్యే ఖర్చు వేగంతో పెద్దగా మారదు. కిలో బరువుకు దాదాపు ఒక కిలోకేలరీ. మనిషిలో U ఉన్నది నడకకే.

గుర్రం దగ్గర కథ ఇంకా బాగుంటుంది. 1981లో డొనాల్డ్ హోయ్ట్, రిచర్డ్ టేలర్ చిన్న గుర్రాలను ట్రెడ్‌మిల్ ఎక్కించారు. మామూలుగా అయితే అవి ట్రాట్‌కు (మెల్లని పరుగుకు) మారిపోయే వేగంలో కూడా నడకే నడిచేలా, గ్యాలప్‌కు (దౌడుకు) మారే వేగంలో కూడా ట్రాట్‌లోనే ఉండేలా వాటికి శిక్షణ ఇచ్చారు. నడకకొక U, ట్రాట్‌కొక U, గ్యాలప్ కొలతలు కూడా అదే ధోరణిలో వచ్చాయి. ఆశ్చర్యమేమిటంటే మూడింటి అడుగు భాగాలూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉన్నాయి. సరైన వేగంలో ఉంటే నడిచినా, దౌడు తీసినా మీటరుకి పడేది ఒకటే. బయట స్వేచ్ఛగా వదిలినప్పుడు ఆ గుర్రాలు ఒక్కో గతిలో (నడక, ట్రాట్, గ్యాలప్) ఆ అడుగు భాగం దగ్గరి వేగాలే ఎంచుకున్నాయి, మధ్య వేగాల్లో దాదాపు కనిపించలేదు.

అంటే గుర్రం గతి మార్చేది శక్తి ఆదా కోసమేనా? పదేళ్ల తర్వాత, 1991లో, క్లేర్ ఫార్లీ టేలర్‌తో కలిసి దీన్ని పరీక్షించింది. ట్రాట్ నుంచి గ్యాలప్‌కు గుర్రం మారేది శక్తి లెక్క ప్రకారం మారవలసిన వేగం కన్నా ముందే. మారినప్పుడు కాళ్ల మీద పడే గరిష్ఠ బలం తగ్గింది. వీపు మీద బరువు వేస్తే ఇంకా తక్కువ వేగంలోనే మారింది, కానీ ఆ బలం మాత్రం దాదాపు అంతే ఉన్నప్పుడు. కాబట్టి ఏ వేగంలో ఉండాలన్నది ఖర్చు లెక్కతో కుదురుతుంది, ఎప్పుడు మారాలన్నది ఎముకలూ కీళ్లూ తేలుస్తాయి. ఈ రెంటినీ కలపకండి.

కంగారూ గురించి అడిగారు. ఎర్ర కంగారూ గెంతేటప్పుడు వేగం పెంచినా నిమిషానికి వాడే ఆక్సిజన్ దాదాపు పెరగలేదని డాసన్, టేలర్ 1973లో చూపించారు. మీటరు లెక్కలోకి మార్చి చూడండి, ఏం జరుగుతుందో మీకే తెలుస్తుంది. మెల్లగా వెళ్లాల్సి వస్తే మాత్రం అది తోకను అయిదో కాలుగా ఆనించి నడుస్తుంది, అదీ చాలా ఖరీదుగా. ఏనుగైతే గంటకు 25 కి.మీ. దాకా వెళుతూ కూడా నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లోకి లేపదు. ఇక చింపాంజీ: రెండు కాళ్ల మీద నడిచినా, నాలుగింటి మీద నడిచినా మీటరుకి, కిలోకి మనకయ్యే దానికి సుమారు నాలుగు రెట్లు.

జంతువుల్ని పోల్చేటప్పుడు శరీర పరిమాణాన్ని మరిచిపోవద్దు. బరువు ఎనిమిది రెట్లు పెరిగితే కిలోకి, మీటరుకి ఖర్చు దాదాపు సగమవుతుంది. ఎలుక కన్నా ఏనుగు పొదుపరి. ఇందులో ఏనుగు గొప్పతనమేమీ లేదు.

అభ్యాసం. చదునైన దారిలో 100 మీటర్లు టేపుతో కొలవండి. ఫోన్ యాప్ చెప్పే దూరం నాకు వద్దు. మీ మామూలు నడక, బాగా మెల్లని నడక, పరుగందుకోబోయేంత వేగమైన నడక, ఒక్కోటి మూడేసి సార్లు నడిచి సగటు తీయండి. కొలత మొదలయ్యే చోటుకు అయిదు మీటర్ల ముందే నడక మొదలుపెట్టండి, ఆగి ఉన్న చోటు నుంచి కాదు. ప్రతి వేగానికీ ఫ్రౌడ్ సంఖ్య, నిమిషం ఖర్చు, మీటరు ఖర్చు రాయండి. తర్వాత రాల్‌స్టన్ సూత్రంతో, మీటరు ఖర్చు కనిష్ఠం కన్నా 5 శాతం ఎక్కువయ్యే రెండు వేగాలూ కనుక్కోండి. వర్గ సమీకరణం వస్తుంది, తప్పించుకునే దారి లేదు. మీ మూడు నడకల్లో ఏవి ఆ రెంటి మధ్య పడ్డాయో చెప్పండి.

ఓపిక ఉన్నవాళ్లకు ఇంకోటి: చంద్రుడి మీద 9.8 బదులు 1.62. అక్కడ మీరు గంటకు ఎన్ని కి.మీ. వేగంలో నడక వదిలి గెంతడం మొదలుపెడతారో ఫ్రౌడ్ సంఖ్య 0.5తో లెక్కగట్టండి. లెక్క మీటర్లు, సెకన్లలో చేసి, చివర్లో గంటకు కి.మీ.లోకి మార్చండి.