అంటువ్యాధి రోగి దగ్గర పనిచేసి వచ్చాక ప్రయాణం చేయాలంటే ఎలా?

2014 అక్టోబర్ 13న ఒక నర్సు క్లీవ్‌లాండ్ నుంచి డాలస్‌కు తిరుగు విమానం ఎక్కే ముందు అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీకి ఫోన్ చేసింది. ఐదు రోజుల కిందట డాలస్ ఆసుపత్రిలో ఎబోలాతో చనిపోయిన రోగికి సేవ చేసినవాళ్లలో ఆమె కూడా ఉంది. ఒళ్లు 99.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉందని చెప్పింది. జ్వరంగా లెక్కేసే గీత 100.4. వద్దని ఎవరూ అనలేదు, ఆమె ఎక్కింది. రెండు రోజులకు ఆమెకూ ఎబోలా అని తేలింది. ఆ విమానంలోని 132 మంది ప్రయాణికులనూ తమకు ఫోన్ చేయమని సీడీసీ కోరాల్సి వచ్చింది. అదృష్టం, వాళ్లలో ఎవరికీ సోకలేదు. ఆమె కూడా కోలుకుంది.

కానీ ఈలోపే ఆమె విమానం ఎక్కి ఉండకూడదని సంస్థ అధిపతి మీడియా ముందు అన్నారు. ఆమె ముందే ఫోన్ చేసి అడిగిందన్న సంగతి ఆ తర్వాత బయటికొచ్చింది.

తప్పు నర్సుదా, ఆఫీసుదా అని చాలా రోజులు వాదనలు నడిచాయి. నన్నడిగితే అసలు సంగతంతా ఆ ఫోన్ కాల్‌లోనే ఉంది. 99.5 అన్న అంకె గీత దాటలేదు కాబట్టి ప్రయాణం ఆగలేదు. ఆ మనిషి ఏ వార్డులోంచి వచ్చింది, ఆ వార్డులో ఏం పని చేసింది అన్నది వెనక్కి పోయింది. మీరు డాక్టరైనా, నర్సైనా, ల్యాబ్ టెక్నీషియనైనా, వార్డు శుభ్రం చేసేవారైనా, వాళ్లకు అనుమతి ఇచ్చే కుర్చీలో ఉన్నవారైనా, ఈ కాల్ సరిగా ఎలా నడవాలో తెలిసి ఉంటే సగం పని అయినట్టే.

ముందుగా తేదీలు కాగితం మీద పెట్టండి

టికెట్ సంగతి తర్వాత. రోగితోగానీ, రోగి రక్తం, వాంతులు, దుప్పట్లు, శాంపిల్స్‌తోగానీ మీరు చివరిసారి పనిచేసింది ఏ రోజు? లెక్క ఆ రోజు నుంచే మొదలవుతుంది. చాలామంది మొదటి డ్యూటీ రోజు నుంచి లెక్కేసుకుని, పది రోజులు గడిచిపోయాయి కదా అని ధీమాగా ఉంటారు. అది తప్పు లెక్క.

ఎబోలాలో లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 21 రోజులు పడుతుంది. చివరి డ్యూటీ 1వ తేదీన అయితే 22వ తేదీ దాకా మీరు లెక్కలో ఉన్నట్టే. లక్షణాలు రానంతవరకు ఎబోలా మీ నుంచి ఇంకొకరికి అంటుకోదు కాబట్టి ఆరోగ్యంగా ఉన్న మనిషి పక్కన కూర్చున్నవాళ్లకు ప్రమాదం లేదు. చిక్కల్లా, పొద్దున బాగానే ఉన్న మనిషికి దారి మధ్యలో జ్వరం రావచ్చు.

అన్ని వ్యాధులూ ఇలా మర్యాదగా ఉండవు. తట్టు ఒంటి మీద దద్దుర్లు కనపడటానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. కోవిడ్ లక్షణాలకు రెండు రోజుల ముందు నుంచి. అలాంటి వ్యాధుల్లో "నాకేం లేదు, బాగానే ఉన్నాను" అన్న మాటకు విలువ లేదు. అందుకే తట్టు రోగి దగ్గరికి వెళ్లిన సిబ్బందికి టీకా రక్షణ లేకపోతే, మొదటిసారి ఎదురుపడిన తర్వాత 5వ రోజు నుంచి, చివరిసారి ఎదురుపడిన తర్వాత 21వ రోజు దాకా డ్యూటీకి రావద్దంటారు. డ్యూటీకే పనికిరాని రోజుల్లో బస్సు ప్రయాణం పనికొస్తుందా అన్నది మీరే ఆలోచించుకోండి.

తేదీ పక్కనే ఇంకో మూడు విషయాలు రాయండి. ఏం పని చేశారు? వార్డు బయట ఫైలు రాయడం వేరు, గొంతులో గొట్టం వేయడం వేరు. ఒంటి మీద రక్షణ ఏముంది? ఎక్కడైనా తేడా జరిగిందా? గ్లౌజు చిరగడం, సూది గుచ్చుకోవడం, కిట్ విప్పేటప్పుడు చేయి మొహానికి తగలడం లాంటివి. ఈ మూడోదాన్ని చాలామంది దాస్తారు, ఎక్కడ మాట పడాల్సి వస్తుందోనని. ఆసుపత్రులు కూడా అలా చెప్పినవాళ్లనే తిట్టి, దాచేలా తయారుచేస్తాయి. అయినా రాయండి. కిట్ వేసుకునేటప్పటి కంటే విప్పేటప్పుడే పొరపాట్లు ఎక్కువ జరుగుతాయని ఆ పని చేసేవాళ్లందరికీ తెలుసు.

తోటివాళ్లకు జబ్బు చేస్తే పాత లెక్క చెల్లదు

దీన్ని విడిగా చెప్పడానికి కారణం ఉంది. డాలస్ నర్సు ఊరెళ్లింది అక్టోబర్ 10న. అప్పటికి సిబ్బందిలో ఎవరికీ జబ్బు లేదు. ఆమె అక్కడ ఉండగానే, అదే రోగికి సేవ చేసిన ఇంకో నర్సుకు ఎబోలా ఉన్నట్టు తేలింది. అంటే మనల్ని కాపాడుతోందనుకున్న రక్షణలో ఎక్కడో చిల్లు ఉందన్నమాట. ఆ క్షణం నుంచి అదే వార్డులో అదే పని చేసిన అందరి ప్రమాదమూ ఒక మెట్టు పైకెక్కింది. అలాంటి కబురు తెలిస్తే మీకిచ్చిన పాత అనుమతి రద్దయినట్టే అనుకోండి. ఎక్కడున్నవాళ్లు అక్కడే ఆగి మళ్లీ ఫోన్ చేయాలి. అధికారులైతే వాళ్లు చేసేదాకా చూడకుండా రోస్టర్ ముందేసుకుని ఒక్కొక్కరికీ తామే ఫోన్ చేయాలి.

ప్రయాణాన్ని దగ్గర నుంచి చూడండి

వెళ్లడం అవసరమా అని అడిగితే అందరికీ అవసరమే. పెళ్లి ఉంటుంది, పరీక్ష ఉంటుంది, అమ్మకు ఆపరేషన్ ఉంటుంది. కాబట్టి ప్రశ్న మార్చి అడుక్కోండి. దారిలో జ్వరం వస్తే ఎక్కడ దిగగలను? దిగినచోట ఈ జబ్బును చూడగల ఆసుపత్రి ఎంత దూరం? నా పక్క సీట్లో ఎవరున్నారో రేపు ఎవరైనా వెతికి పట్టుకోగలరా? సొంత కారులో రెండు గంటల ప్రయాణానికి జవాబులు దొరుకుతాయి. రెండు విమానాలు మారే పన్నెండు గంటల ప్రయాణానికి సాధారణంగా దొరకవు.

వంట్లో తేడా ఇప్పటికే మొదలైతే ఈ ప్రశ్నలేవీ అక్కర్లేదు, ఆగిపోవడమే. 2003 ఫిబ్రవరిలో చైనాలోని గ్వాంగ్‌జౌలో వింత న్యుమోనియా రోగులకు వైద్యం చేసిన ఒక డాక్టర్, అప్పటికే ఒంట్లో బాగాలేకపోయినా, బంధువుల పెళ్లికని హాంకాంగ్ వచ్చి ఒక హోటల్ తొమ్మిదో అంతస్తులో దిగారు. ఆ హోటల్లో ఉన్న మిగతా అతిథుల ద్వారా, తర్వాత సార్స్ అని పేరు పడిన ఆ జబ్బు హనోయ్, సింగపూర్, టొరంటో దాకా పాకింది. ఆయన కొద్ది రోజులకే చనిపోయారు. అయితే ఆయన ఒక్కరినే అనడం న్యాయం కాదు. అది ఎలాంటి జబ్బో, ఎంతగా అంటుకుంటుందో బయటి ప్రపంచానికి చెప్పాల్సిన అధికారులు అప్పటికి నోరు విప్పలేదు.

మూడు వారాల తర్వాత జరిగింది చూడండి. సింగపూర్‌లో తొలి సార్స్ రోగులను చూసిన ఒక యువ డాక్టర్ న్యూయార్క్ సదస్సుకు వెళ్లారు. అక్కడ జ్వరం వచ్చింది. తిరుగు విమానం ఎక్కే ముందు సింగపూర్‌లోని సహోద్యోగికి ఫోన్ చేసి చెప్పారు. ఆ సహోద్యోగి అధికారులకు చెప్పారు, కబురు ప్రపంచ ఆరోగ్య సంస్థకు చేరింది. మార్చి 15న విమానం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగగానే ఆయన్నీ, వెంట ఉన్న ఇద్దరు కుటుంబ సభ్యులనూ దింపి ఐసోలేషన్‌కు తీసుకెళ్లారు. ఎక్కకుండా ఉంటే ఇంకా బాగుండేది, నిజమే. కానీ ఒక్క ఫోన్ కాల్ అందుకున్న ప్రతి మనిషీ దాన్ని పై మెట్టుకు చేర్చాడు.

ఫోన్ చేసినప్పుడు ఏం చెప్పాలి

"సార్, నేను ఊరెళ్లొచ్చా?" అని అడిగితే వచ్చే జవాబు మీకు పనికిరాదు. ఆ అడగడంలో జబ్బు లేదు, వార్డు లేదు, తేదీ లేదు. ఇలా మొదలుపెట్టండి:

"మేడమ్, నేను ఫలానా ఆసుపత్రిలో ఐసోలేషన్ వార్డు నర్సుని. చివరి డ్యూటీ 4వ తేదీ రాత్రి. రోగికి వాంతులైతే శుభ్రం చేశాను. కిట్ పూర్తిగా వేసుకున్నాను కానీ విప్పేటప్పుడు గ్లౌజు చిరిగింది. ఈ రోజు పొద్దున టెంపరేచర్ 99.2, రోజూ నాకుండే దానికంటే ఎక్కువ. జ్వరం మాత్ర వేసుకోలేదు. రేపు నాలుగు గంటల విమానం ఉంది. వెళ్లమంటారా, వద్దంటారా? మీ పేరు, హోదా చెప్పండి, రాసుకుంటాను."

పేరు అడిగితే అవతలివాళ్లకు కోపం వస్తుందేమోనని మొహమాటపడకండి. పేరు చెప్పాల్సి వచ్చినప్పుడే మనిషి ఆగి ఆలోచిస్తాడు. జవాబు వచ్చాక మెసేజ్‌లోనో, ఈమెయిల్‌లోనో "మీరు ఇలా చెప్పారు, నేను ఇలా అర్థం చేసుకున్నాను" అని రెండు వాక్యాలు పంపండి. "చూసుకుని వెళ్లండి", "మీ ఇష్టం" లాంటి జవాబు వస్తే దాన్ని అనుమతి కింద లెక్కేయకండి. పై అధికారి నంబర్ అడగండి. స్పష్టమైన జవాబు దొరికేదాకా ప్రయాణం ఆపుకోండి. టికెట్ డబ్బులు పోతాయి, కడుపు మండుతుంది. దాని సంగతి కింద చెబుతాను.

బయలుదేరాక

అనుమతి వచ్చి వెళ్తే సొంత థర్మామీటర్ వెంట ఉంచుకోండి, ప్రయాణమంతా అదొక్కటే వాడండి. నుదుటికి చూపించేది ఒక అంకె చెబుతుంది, నోట్లో పెట్టేది ఇంకోటి చెబుతుంది. చిన్న నోట్‌బుక్‌లో రోజుకు రెండు వరుసలు చాలు: "7వ తేదీ, ఉదయం 7.10, నోటి థర్మామీటర్, 98.4, మాత్ర లేదు, నీరసం లేదు." మాత్ర సంగతి రాయడం ముఖ్యం. పారాసెటమాల్ వేసుకున్నాక చూసిన టెంపరేచర్ మీకే అబద్ధం చెబుతుంది. వేసుకోవాల్సి వస్తే ముందు చూసుకుని, రాసుకుని, ఫోన్ చేసి, ఆ తర్వాతే వేసుకోండి.

2014 డిసెంబర్ చివర, ఎబోలా వ్యాపించిన పశ్చిమ ఆఫ్రికా దేశం సియెర్రా లియోన్‌లో పనిచేసి బ్రిటన్ తిరిగొచ్చిన ఆరోగ్య బృందం హీత్రో విమానాశ్రయంలో స్క్రీనింగ్ లైనులో నిలబడింది. అలసట, తోపులాట, ఇంటికి చేరాలన్న ఆత్రం. ఒక నర్సుకు 38.2 సెల్సియస్ (100.8 ఫారెన్‌హీట్) వస్తే ఫారంలో 37.2 అని పడింది. ఒక్క అంకె తేడా. ఆమె గ్లాస్గో విమానం కూడా ఎక్కింది, మర్నాడే ఎబోలా అని తేలింది. ఆమె ప్రాణాపాయం దాకా వెళ్లి బయటపడింది. తర్వాత క్రమశిక్షణ విచారణలో ఆమె మీద ఆరోపణలు నిలవలేదు, సహోద్యోగుల్లో ఇద్దరికి సస్పెన్షన్ పడింది. ఆ లైనులో ఎవరూ దుర్మార్గులు కారు. అలసిన మనుషులు ఒకరి టెంపరేచర్ ఒకరు చూసి రాసుకోవడమే ఏర్పాటులోని లోపం. ఆ పని ప్రయాణంతో సంబంధం లేని మూడో మనిషి చేయాలి.

దారిలో నలత అనిపిస్తే మాస్క్ పెట్టుకుని, ఇతరులకు దూరంగా జరిగి, సిబ్బందికి జబ్బు పేరుతో సహా చెప్పండి. నేరుగా దగ్గర్లోని క్లినిక్‌లోకి నడిచి వెళ్లకండి. ముందు ఫోన్, ఆ తర్వాతే తలుపు.

అనుమతి ఇచ్చే కుర్చీలో మీరుంటే

మొదట ఒక నంబర్, ఆ నంబర్ ఎత్తడానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ముందున్న కాగితంలో తొలి ప్రశ్న టెంపరేచర్ కాకూడదు. ఏం పని చేశారు, ఎప్పుడు, రక్షణ ఏమిటి అన్నవి ముందు, ఒంటి వేడి చివర. డాలస్ ఉదంతం జరిగిన రెండు వారాల్లోపే సీడీసీ కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. మనుషులను ఎక్కువ ప్రమాదం, కొంత ప్రమాదం, తక్కువ ప్రమాదం అని విడదీసి, ఎవరు విమానం ఎక్కొచ్చో, ఎవరు ఎక్కకూడదో లక్షణాలు రాకముందే తేల్చే పద్ధతి పెట్టింది.

భయంతో అందరినీ బంధించడం కూడా బాధ్యత అనిపించుకోదు. అదే అక్టోబర్‌లో సియెర్రా లియోన్ నుంచి అమెరికాలోని న్యూవార్క్ విమానాశ్రయంలో దిగిన ఒక నర్సును గుడారంలో ఉంచారు. నుదుటి థర్మామీటర్ 101 చూపించింది, నోటిది 98.6 చూపించింది, రక్తపరీక్షలో ఎబోలా లేదని వచ్చింది. ఆమె మెయిన్ (Maine) అనే రాష్ట్రంలోని ఇంటికి చేరాక అక్కడి ప్రభుత్వం ఇంట్లోనే ఉంచాలని కోర్టుకెళ్లింది. అక్టోబర్ 31న జడ్జి ఆమెను కట్టడి చేయడానికి ఒప్పుకోలేదు. రోజూ ఆరోగ్య పరిశీలనకు సహకరించాలి, ఎక్కడికైనా వెళ్లాలంటే ఆరోగ్యశాఖతో ముందే మాట్లాడుకోవాలి, లక్షణం కనిపిస్తే వెంటనే చెప్పాలి, ఈ మూడే షరతులు పెట్టారు. ఆమెకు ఎబోలా రానేలేదు. నా దృష్టిలో ఆ మూడు షరతులే ఏ ఆఫీసైనా గోడకు అంటించుకోదగ్గ నియమావళి.

ఇక డబ్బు. వెళ్లొద్దని చెబితే ఆ రోజులకు జీతం, క్యాన్సిల్ చేసిన టికెట్, ఉండటానికి చోటు సంస్థే చూసుకోవాలి. అవి చూడకుండా "మీ బాధ్యత" అంటే, తర్వాత నుంచి జనం ఫోన్ చేయడం మానేస్తారు. చెప్పకుండా వెళ్లిపోతారు. మీడియా ముందు మాట్లాడే ముందు మీ కాల్ రిజిస్టర్ ఒకసారి తిరగేయండి. అడిగి వెళ్లిన మనిషిని అడగకుండా వెళ్లిందని అనేస్తే, దాన్ని వెనక్కి తీసుకోవడం కష్టం.

గడువు ముగిసిన రోజు

ఇది దాదాపు అందరూ మర్చిపోతారు. 21 రోజులూ రోజుకు రెండుసార్లు ఫోన్ చేసిన ఆఫీసు 22వ రోజు నుంచి నిశ్శబ్దంగా ఉండిపోతుంది. పక్కింటివాళ్లు ఇంకా తలుపు దగ్గరే ఆగి మాట్లాడుతుంటారు, పిల్లల స్కూలువాళ్లు ఏదో ఒక కాగితం అడుగుతారు. కాబట్టి పరిశీలన ఫలానా తేదీతో ముగిసిందని, లక్షణాలేవీ రాలేదని రెండు వాక్యాల ఉత్తరం అడిగి తీసుకోండి. ఇచ్చేవారైతే అడగకముందే పంపండి.