బ్రిస్బేన్ ఫార్టిట్యూడ్ వ్యాలీలో ఇల్లు తీసుకునే ముందు

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో ఉన్న ఫార్టిట్యూడ్ వ్యాలీని అక్కడ అందరూ 'వ్యాలీ' అనే అంటారు. చదువుకో, ఉద్యోగానికో వచ్చి అక్కడ ఉండాలనుకునే మనవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

☐ ఇంటిని పగలు ఒకసారి, శనివారం రాత్రి 11 తర్వాత ఇంకోసారి చూడండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. వ్యాలీ ప్రత్యేక వినోద ప్రాంతం కాబట్టి సంగీతం శబ్దానికి ఇక్కడ సడలింపు ఎక్కువ. మీరు ఫిర్యాదు చేసినా క్లబ్ ఆగకపోవచ్చు. కొత్త అపార్ట్‌మెంట్లకు శబ్దం ఆపే కట్టడం తప్పనిసరి, పాతవాటిలో ఆ భరోసా లేదు. పడకగది కిటికీ బ్రన్స్‌విక్ స్ట్రీట్ వైపు ఉంటే నేనైతే తీసుకోను.

☐ రాత్రి బయటికి వెళ్తే ఒరిజినల్ ఐడీ దగ్గర ఉందా? అర్ధరాత్రి దాటాక తెరిచి ఉండే బార్లు, క్లబ్‌లలో చాలాచోట్ల రాత్రిపూట దాన్ని స్కాన్ చేస్తారు. ఈ రూలు 2017లో మొదలైంది. ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు. పాస్‌పోర్ట్ తీసుకెళ్తే మాత్రం లోపలి జేబులో పెట్టుకోండి, పోతే చాలా తిప్పలు.

☐ తాగితే కారు వద్దు. లెర్నర్, పీ ప్లేట్ (కొత్తగా లైసెన్స్ వచ్చిన) వాళ్లకు మద్యం పరిమితి సున్నా.

☐ చివరి రైలు టైమ్ బయల్దేరే ముందే చూసుకోండి. టికెట్ 50 సెంట్లే.

☐ తాగే గ్లాసు వదిలి వెళ్లకండి, ఎవరైనా ఏదైనా కలపొచ్చు. స్నేహితురాలిని ఒంటరిగా పంపకండి, ఇంటికి చేరినట్టు మెసేజ్ వచ్చేదాకా మేలుకుని ఉండండి. అత్యవసరానికి 000.

తిండి కోసమైతే సాయంత్రం 6కే డంకన్ స్ట్రీట్ చైనాటౌన్‌కు వెళ్లండి. అప్పుడు జనం తక్కువ, హాయిగా ఉంటుంది.