ప్లాటినం శిలల పొరలకు వయసు కుదరనప్పుడు

జింబాబ్వేలోని గ్రేట్ డైక్ అనే ప్లాటినం శిలల పట్టీ వయసు 257.54 కోట్ల ఏళ్లు, తేడా ఉంటే అటూ ఇటూ 7 లక్షలు. అంత బిగువైన లెక్క చూశాక, కొండపల్లి, చిమల్‌పహాడ్‌ల నుంచి హైదరాబాద్ ల్యాబ్‌లకు వచ్చే రాళ్ల దగ్గరా అదే ఆశిస్తాం. రాకపోతే మొదట శాంపిల్‌ని అనుమానించండి. ఐసోటోపుల్ని కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ వంతు చివర్లో.

సమస్య: జిర్కాన్ ఒక్క గింజా దొరకలేదు

లోపలి యురేనియం సీసంగా మారిన లెక్కతో వయసు చెప్పే ఖనిజం జిర్కాన్. అది దొరకలేదంటే క్రోమిటైట్ (క్రోమైట్ నిండిన రాయి) నుంచో పైరాక్సినైట్ (పైరాక్సిన్ నిండిన రాయి) నుంచో ముక్క కొట్టి తెచ్చి ఉంటారు. ప్లాటినం ఉండేది ఆ పొరల్లోనే కాబట్టి సుత్తి అటే పోతుంది. కానీ మాఫిక్ (ఇనుము, మెగ్నీషియం ఎక్కువున్న) మాగ్మాలో జిర్కాన్ ముందుగా పుట్టదు; స్ఫటికాల సందుల్లో చివరికి మిగిలిన కాస్త ద్రవంలోనే పుడుతుంది. అదే పొరలో గింజ ముతకగా ఉన్న పెగ్మటాయిడ్ మచ్చలు వెతకండి. మైక్రోస్కోప్ కింద చూసే పలుచని రాతి ముక్క థిన్ సెక్షన్‌లో ఆ చివరి ద్రవం గుర్తులైన బయోటైట్, క్వార్ట్జ్, అపటైట్ కనిపిస్తే 5 నుంచి 10 కిలోలు తెచ్చుకోవచ్చు.

జిర్కాన్ లాగే వయసు చెప్పే బాడెలైట్ కోసమైతే, రాతి పొడిని నీటితో బరువు ప్రకారం వేరుచేసే విల్ఫ్లీ టేబుల్ దగ్గర జాగ్రత్త. దాని సాంద్రత 5.7 దాకా ఉన్నా, పలుచని పలకలు కావడంతో నీటి ఉరవడికి కొట్టుకుపోతుంది. నీళ్లు తగ్గించి, పొడి కొంచెం కొంచెంగా వేయండి, బురద నీరు పారబోయకండి. బరువైన ద్రవం మిథిలీన్ అయోడైడ్‌లో పైరాక్సిన్ కూడా చాలావరకు మునుగుతుంది కనుక ఆ తర్వాత ఫ్రాంట్జ్ మాగ్నెటిక్ సెపరేటర్ తప్పదు.

సమస్య: 160 కోట్ల ఏళ్లు రావాల్సిన కొండపల్లి రాయిలో 250 కోట్ల ఏళ్ల గింజలు

రెండు దారులు. ఒకటి, మాగ్మా పైకి వస్తూ పాత రాయి నుంచి గింజల్ని ఎత్తుకొచ్చింది. రెండోది మన ఊరి జబ్బు: అదే జా క్రషర్‌లో అంతకుముందు హైదరాబాద్ గ్రానైట్ ఆడించారు, దాని వయసూ దాదాపు 250 కోట్లే. తేల్చడానికి వికారాబాద్ వైపు దొరికే దక్కన్ బసాల్ట్ ఒక కిలో ఆడించి చూడండి. ఆ బసాల్ట్ వయసు 6.6 కోట్ల ఏళ్లే. అందులోనూ పాత గింజలు తేలితే తప్పు దాదాపు ఖాయంగా క్రషర్‌దే. ప్లేట్లు విప్పి వైర్ బ్రష్‌తో రుద్ది, గాలి కొట్టి, శాంపిల్ మొదటి పిడికెడు పొడి పారేయండి. బసాల్ట్ శుభ్రంగా వస్తే కాథోడోల్యూమినెసెన్స్ (ఎలక్ట్రాన్లు తగిలినప్పుడు గింజ వెలిగే తీరు) చిత్రాల్లో గుండ్రని పాత కోర్లు (గింజ నడిమి భాగాలు) ఉన్నాయేమో వెతకండి.

సమస్య: బిందువులు కాంకార్డియా కిందికి జారాయి

కాంకార్డియా అంటే యురేనియం రెండు ఐసోటోపులూ ఒకే వయసు చెప్పే బిందువుల వంపు గీత. దాని కిందికి జారితే సీసం కారిపోయినట్టు. జిర్కాన్ అయితే 900 డిగ్రీల దగ్గర 48 నుంచి 60 గంటలు కాల్చి, తర్వాత హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో 180–210 డిగ్రీల మధ్య 12 గంటలు ఉంచండి. దెబ్బతిన్న భాగం కరిగి మంచిది మిగులుతుంది. గింజ మొత్తం కరిగిపోతే యురేనియం ఎక్కువున్నట్టు. వేడి తగ్గించి ఒకే గింజతో మళ్లీ ప్రయత్నించండి.

ఈ వైద్యం బాడెలైట్‌కు పనిచేయదు. దాని చుట్టూ తర్వాతి రూపాంతరంలో (వేడి, ఒత్తిడికి రాయి మారినప్పుడు) జిర్కాన్ అంచు పట్టిందేమో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసి, అంచు లేని గింజలే ఏరుకోవాలి. రూపాంతరం, స్ఫటికీకరణ దగ్గర దగ్గర కాలంలో జరిగి ఉంటే బిందువుల గీత కాంకార్డియా వంపును ఆనుకునే పోతుంది. గీత వంపును పైభాగంలో ఖండించే చోటి వయసును, అంటే ఎగువ ఖండన వయసును, అక్కడ నమ్మలేం.

సమస్య: సమేరియం-నియోడిమియం ఐసోక్రాన్‌లో పొరపాటు 10 కోట్ల ఏళ్లు

ఐసోక్రాన్ అంటే ఒకే వయసున్న నమూనాల ఐసోటోప్ నిష్పత్తులు పడే గీత; దాని వాలే వయసు చెబుతుంది. నియోడిమియం-143గా మారే సమేరియం-147 అర్ధాయువు దాదాపు 10,600 కోట్ల ఏళ్లు, పైగా రాళ్ల మధ్య నిష్పత్తిలో తేడా తక్కువ. ఒకే ముక్క నుంచి క్లైనోపైరాక్సిన్, ప్లాజియోక్లేస్‌లను చేత్తో ఏరి, మొత్తం రాయితో కలిపి గీత గీయండి. వేర్వేరు పొరల రాళ్లు చక్కటి గీత ఇచ్చినా సంబరపడొద్దు. నియోడిమియం-143/144 నిష్పత్తిని 1/నియోడిమియంకు ఎదురుగా పెట్టి చూడండి. అక్కడా గీతే వస్తే, కనిపిస్తున్న వయసు మాగ్మా, పక్కరాయి కలిసిన మిశ్రమానిది కావచ్చు.

సమస్య: కింది పొర పై పొర కన్నా చిన్నది

గింజను లేజర్ కాంతితో చెక్కి కొలిచే లేజర్ అబ్లేషన్ లెక్కలైతే వదిలేయండి; 1–2 శాతం పొరపాటంటే 200 కోట్ల దగ్గర 2–4 కోట్ల ఏళ్లు. దక్షిణాఫ్రికాలోని బుష్‌వెల్డ్ శిలా సముదాయం మొత్తం సుమారు 10 లక్షల ఏళ్లలో చల్లబడిందని ఒక అంచనా; అంత చిన్న తేడా ఆ పొరపాటులో కనబడదు. గింజను కరిగించి, తెలిసిన మోతాదు ఐసోటోప్ (ట్రేసర్) కలిపి చేసే ఐసోటోప్ డైల్యూషన్ కొలతలైతే రెండూ ఒకే ల్యాబ్, ఒకే ట్రేసర్‌తో వచ్చాయా చూసి, అప్పుడే విశ్లేషణ పొరపాట్లను పోల్చండి. తేడా అప్పటికీ నిలిస్తే జిర్కాన్‌లో టైటానియం కొలవండి, అది గింజ పుట్టిన ఉష్ణోగ్రత చెబుతుంది: కింది పొరలో చివరి ద్రవం ఆలస్యంగా గడ్డకట్టిందా, పొర నిజంగానే తర్వాత పొరల మధ్య దూరిన మాగ్మా పలకా (సిల్) అన్నది ఆ ఉష్ణోగ్రత, పొలంలో చూసిన సరిహద్దు కలిపితేనే తేలుతుంది.