హై వోల్టేజ్ వచ్చి సామాన్లు ఆగిపోతే ఏం చూడాలి?

లైట్లు కళ్లు చెదిరేలా వెలిగి, ఫ్యాను గిర్రున తిరిగి, ఎక్కడో టప్‌మని పేలింది

కారణం చాలాసార్లు న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, తెగడమే. స్తంభం మీదో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో ఆ వైరు ఊడిందంటే 230 వోల్టులు రావాల్సిన ఇంటికి 400 దగ్గరదాకా వచ్చేస్తుంది. అదే సమయంలో వేరే ఇళ్లలో లైట్లు డిమ్మైతే ఇక అనుమానమే అక్కర్లేదు. త్రీఫేజ్ ఉన్న మీ ఒక్క ఇంట్లోనే ఇలా జరిగితే మీటరు దగ్గర న్యూట్రల్ లూజై ఉండొచ్చు.

వెంటనే మెయిన్ ఆపేసి, ప్లగ్గులన్నీ పీకేసి, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి. లైన్‌మన్ వచ్చి సరిచేశాక ఎలక్ట్రీషియన్‌తో వోల్టేజ్ కొలిపించండి. 216 - 244 మధ్య ఉంటేనే ఒక్కొక్కటిగా ప్లగ్ పెట్టండి. టీవీలో కొత్త సర్క్యూట్ బోర్డు వేయించి, న్యూట్రల్ సరిచేయకుండానే ప్లగ్ పెట్టి మళ్లీ కాల్చుకున్నవాళ్లు ఉన్నారు.

టీవీలో రెడ్ లైటు కూడా రావట్లేదు

"బోర్డు పోయింది, మార్చాలి" అనగానే తలూపకండి. ప్లగ్ వైరు బోర్డులోకి వెళ్లే చోట ఫ్యూజు, దాని పక్కనే నీలం రంగు బిళ్ల ఒకటి ఉంటాయి. ఆ బిళ్లే వేరిస్టర్. వోల్టేజ్ పెరిగితే అది తాను షార్టై ఫ్యూజును కొట్టేసి మిగతా బోర్డును కాపాడుతుంది. పగిలి నల్లబడి ఉంటే రెండూ అదే రేటింగువి వేస్తే చాలు, కొన్ని పదుల రూపాయల పని. కొత్త ఫ్యూజు కూడా కొట్టేస్తే లోపల కరెంటును నడిపే చిన్న భాగాలు, డయోడో మాస్‌ఫెట్టో, షార్టైనట్టు. ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టే మెకానిక్ దగ్గర మాత్రం వద్దు.

బోర్డు మీద చార్జ్ నిల్వ ఉంచే డబ్బాలాంటి పెద్ద కెపాసిటర్ తల ఉబ్బిందేమో కూడా చూడమనండి. 230 వోల్టులు దానిదాకా వచ్చేసరికి సుమారు 325 డీసీ అవుతుంది, 400 వస్తే 565. కెపాసిటర్ తట్టుకునేది 400 లేదా 450. టప్‌మన్నది చాలాసార్లు అదే. ప్లగ్ పీకినా అందులో చార్జ్ ఉంటుంది, తెలియనివాళ్లు చేయి పెట్టొద్దు.

రూటర్ ఆగితే ముందు వేరే అడాప్టర్‌తో చూడండి.

ఫ్రిజ్‌లో లైటు వెలుగుతోంది, చల్లబడట్లేదు

పాత రకమైతే టక్కుమని శబ్దం వచ్చి ఆగిపోతుంటుంది. కంప్రెసర్‌ను స్టార్ట్ చేసే రిలే, దాన్ని కాపాడే ఓవర్‌లోడ్ మార్చి చూడకుండా కంప్రెసర్ పోయిందంటే ఒప్పుకోకండి. ఇన్వర్టర్ ఫ్రిజ్ అయితే ముందు అనుమానించాల్సింది బోర్డునే. కంప్రెసర్ వైండింగే కాలితే, పదేళ్లు దాటిన ఫ్రిజ్‌కి ఖర్చు దండగ. కొత్త ధరలో సగం రిపేరుకు అడిగితే నేనైతే కొత్తదే కొంటాను.

ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది

ముందు కెపాసిటర్ మార్చండి, మామూలుగా 2.5 మైక్రోఫారాడ్లది. కాలిన వాసన వస్తుంటే రీవైండింగే.

పిడుగు పడ్డాక టీవీ ఆన్ అవుతోంది, హెచ్‌డీఎంఐ పనిచేయట్లేదు

ఇది చాలాసార్లు కేబుల్ వైరు గుండా వచ్చే దెబ్బ. స్టెబిలైజర్ ఉన్నా ఆగదు. ఉరుములు మొదలవకముందే ప్లగ్గుతో పాటు కేబుల్, ఇంటర్నెట్ వైర్లూ తీసేయాలి.

వోల్టేజ్ వల్ల పాడైతే వారంటీ సాధారణంగా వర్తించదు. ఇంటికి ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ చదవండి, మెకానిక్ దగ్గర పాత పార్టు, బిల్లు అడిగి తీసుకోండి.

న్యూట్రల్ తెగినప్పుడు స్పైక్ గార్డు (సామాన్లు గుచ్చే ప్లగ్గుల పట్టీ) ఆదుకోదు, అది క్షణకాలపు దెబ్బలకే. మీటరు బోర్డులో ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ పెట్టించండి. వోల్టేజ్ హద్దు దాటగానే ఇంటికి సప్లై తెంచేసి, కుదుటపడ్డాక తనే కలుపుతుంది.