పెద్ద వయసులో ఎగ్జిమా: చర్మాన్ని కాపాడుకునే పద్ధతి

అరవై దాటాక ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురద పెట్టే జబ్బు) వస్తే, ఇమ్యూనిటీ తగ్గిందనుకుని టానిక్కులు మొదలుపెడతారు చాలామంది. వాటితో తగ్గేది కాదిది. వయసు పైబడేకొద్దీ రోగనిరోధక వ్యవస్థ గాడి తప్పుతుంది. ఇన్‌ఫెక్షన్ మీద మందగిస్తూనే, చర్మం లోపల సన్నటి మంటను ఆరకుండా ఉంచుతుంది. పైగా చర్మంలోని సహజ కొవ్వులు తగ్గి తేమ నిలవదు. అందుకే ముందు పై పొరను బాగుచేయాలి.

గోరువెచ్చని నీళ్లతో 5–10 నిమిషాల్లో స్నానం ముగించండి. ఒళ్లు అద్ది తుడిచి, చెమ్మ ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ రాయండి. లోషన్ కంటే క్రీమ్, క్రీమ్ కంటే ఆయింట్‌మెంట్ మేలు. వెంట్రుకల వాలు వైపే రాయాలి. ఎదురు రుద్దితే కుదుళ్లలో పొక్కులు లేస్తాయి. ఒళ్లంతా ఎగ్జిమా ఉంటే వారానికి 250–500 గ్రాములు పడుతుంది. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: చిన్న ట్యూబు నెలంతా వస్తోందంటే చాలినంత రాయడం లేదన్నమాట. చాలా మాయిశ్చరైజర్లలో ఉండే పారఫిన్ అనే జిడ్డు పదార్థం అంటిన బట్టలకు నిప్పు త్వరగా అంటుకుంటుంది, పొయ్యికి, దీపాలకు దూరంగా ఉండాలి. జిడ్డు పాదాలతో బాత్రూంలో జారిపడే ప్రమాదమూ ఉంది.

మంట తగ్గడానికి డాక్టర్ రాసిచ్చిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్‌కు కొలత ఉంది. చూపుడు వేలి చివరి కణుపు పొడవునా పిండితే సుమారు అర గ్రాము. వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. ఎర్రబడ్డ చోటే రాయండి. దీనికీ మాయిశ్చరైజర్‌కీ 20–30 నిమిషాల ఎడం ఇవ్వండి. భయపడి అరకొరగా రాస్తే మంట ఆరదు. అలాగని ముంజేతుల పలచని చర్మానికి నెలల తరబడి రాస్తే చిట్లిపోతుంది, కమిలిన మచ్చలు పడతాయి.

కొత్తగా వచ్చిన దురదంతా ఎగ్జిమాయే అనుకోకండి. వేళ్ల సందులు, మణికట్లు చూడండి. రాత్రిళ్లు దురద పెరిగి, ఇంట్లో మరొకరూ గోక్కుంటుంటే గజ్జి కావచ్చు; స్టెరాయిడ్ రాస్తే దాని ఆనవాళ్లు మరుగున పడతాయి. ఆమ్లోడిపిన్, హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి బీపీ మందులతోనూ ఇలాంటి దద్దుర్లు రావచ్చు. వాడే మాత్రలన్నీ డాక్టర్‌కు చూపించండి, సొంతంగా మానేయొద్దు. బిగువైన నీటి బుడగలు లేస్తే అది పెంఫిగాయిడ్ అనే వేరే జబ్బు కావచ్చు, బయాప్సీ (చిన్న చర్మం ముక్క తీసి చేసే పరీక్ష) అవసరమవుతుంది.

దురదకని మత్తెక్కించే పాత అలెర్జీ మాత్రలు వేయకండి. ఈ వయసులో తికమక పడతారు, తూలిపడతారు.

పసుపు చెక్కులు, చీము, నొప్పితో గుంటలు పడ్డ చిన్న పుండ్లు కనిపిస్తే అదే రోజు డాక్టర్‌ను కలవండి. జ్వరం వచ్చేదాకా ఆగొద్దు. పెద్దవాళ్లలో ఇన్‌ఫెక్షన్ ముదిరినా ఒళ్లు కాలకపోవచ్చు.