పిల్లలు టైమ్‌కి నిద్రపోవాలంటే
1-2 ఏళ్ల పిల్లలకి పగటి నిద్రతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి, 3-5 ఏళ్ల వాళ్లకి 10 నుంచి 13 గంటలు. ముందు పొద్దున లేచే టైమ్ ఫిక్స్ చేయండి, సెలవు రోజైనా అదే టైమ్, అక్కడ్నుంచి వెనక్కి లెక్కేస్తే ఎప్పుడు పడుకోబెట్టాలో తెలిసిపోతుంది. గంట ముందే ఫోన్, టీవీ ఆపేసి లైట్లు తగ్గించేయండి, వెలుతురు ఎక్కువుంటే నిద్ర తెప్పించే మెలటోనిన్ సరిగ్గా తయారవదు. తర్వాత రోజూ ఒకే వరసలో స్నానం, పళ్లు తోమడం, ఒక కథ. ముఖ్యంగా, పూర్తిగా నిద్రపోయాక కాదు, కళ్లు మూతలు పడుతున్నప్పుడే మంచం మీద వేయండి, అప్పుడే మధ్యరాత్రి మెలకువొచ్చినా వాళ్లంతట వాళ్లే మళ్లీ పడుకోవడం అలవాటవుతుంది. మొదట్లో ఏడుస్తారు పాపం, దగ్గరే కూర్చుని మెల్లగా జోకొట్టండి. రోజూ గట్టిగా గురక పెడుతుంటే మాత్రం డాక్టర్‌కి చూపించండి.